ఒక్క మేడతో తెగని పేంచ్

సంక్రాంతి దగ్గర పడిందంటే పాతబస్తీలో పిల్లలు నేల చూసి నడవరు, ఆకాశం చూసి నడుస్తారు. గుల్జార్‌హౌజ్ దుకాణాల ముందు పతంగులు దొంతర్లుగా దిగుతాయి. ధూల్‌పేటలో వరసగా పాతిన గుంజల మధ్య దారం లాగి కట్టి... అన్నం గంజి, గాజుపొడి, రంగు కలిపిన ముద్దను చేత్తో పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా రుద్దుకుంటూ పోతారు. వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకున్నా కోతలు తప్పవు. అలా తయారైందే అసలు మాంజా.

దానికి ఆధారం ‘సద్ది’, అంటే తెల్లని నూలుదారం. రెండు దారాలు మెలిపడ్డాక ఎప్పుడు ఢీల్ ఇచ్చి వదలాలి, ఎప్పుడు చటుక్కున లాగాలి? పేంచ్‌లో నేర్పంతా అక్కడే. అవతలి పతంగి తెగి తూలిపోతుంటే మేడ దద్దరిల్లేలా ‘అఫా!’ అని కేక.

ఈ ఆటలోకి నైలాన్ దిగింది. పేరు చైనా మాంజా... తయారీ మన దేశంలోనూ జరుగుతుంది. వానకు కుళ్లదు. కొమ్మకు చిక్కితే పండగ వెళ్లాక కూడా పావురాలకూ గద్దలకూ ఉరితాడే. 2017లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దీన్ని దేశమంతటా నిషేధించింది. అయినా 2024 సంక్రాంతి ముందు లంగర్‌హౌజ్ ఫ్లైఓవర్ మీద బైకుపై వెళ్తున్న ఒక సైనికుడి గొంతు మాంజాకు తెగింది. ప్రాణం పోయింది.

నిషేధం ఉంది, ఏటా దుకాణాల మీద పోలీసు దాడులూ ఉన్నాయి. మరి ఎందుకు పోదు? చిక్కల్లా ఒక్కటే. ఒక్కడు మంచివాడైతే ఓడిపోతాడు! పక్క మేడ మీద నైలాన్ ఉంటే నూలుదారం నిలవడం కష్టం. మూడు పతంగులు పోగొట్టుకున్న కుర్రాడు నాలుగోదానికి చాటుగా నైలాన్ చుట్టే తెచ్చుకుంటాడు. చెడ్డవాడై కాదు, ఓడలేక. అంచేత గల్లీ గల్లీ అంతా ముందే ఒక మాట అనుకోవాలి. అంటే, ఎవరి పతంగి తెగ్గొట్టాలని చూస్తున్నారో వాళ్లతోనే పొత్తు కుదుర్చుకోవాలి.

ఉస్తాదుల తీరు కూడా మారాలి. మాంజా ముద్ద పాళ్లు పక్కింటికి చెప్పకపోవడం ఒకప్పటి గొప్ప. ఆ గుట్టు ఇప్పుడు దాచుకుంటే నష్టం వాళ్లకే. నూలుతో గెలవడం నేర్పేవాళ్లు లేకపోతే పిల్లలు నైలాన్ కొంటారు. నూలు మాంజా మాత్రం మెడను కోయదా అంటే, కోస్తుంది. దాచి లాభం లేదు. కాకపోతే బరువు పడితే తొందరగా తెగుతుంది.

అందుకే ఇంకో పని కూడా రెండు మేడలూ కలిసి చేయాలి. పతంగి తెగినవాడు మిగిలిన దారం రోడ్డుకు అడ్డంగా జారకముందే చరఖాకు చుట్టేయాలి. అతను ఆ పని వదిలి కొత్త పతంగి కోసం పరుగెత్తకుండా, గెలిచినవాడు అంతసేపూ ఆగాలి.