బ్లాక్‌బర్న్‌లో మన కోళ్లోళ్ల టీము

మాంచెస్టర్‌లో చదువుతున్న మా అమ్మాయిని చూడ్డానికి 2024 అక్టోబరులో వెళ్లాను. "నాన్నా, శనివారం నీకు ఓల్డ్ ట్రాఫర్డ్ చూపిస్తా" అంది. అక్కడికొద్దమ్మా, బ్లాక్‌బర్న్ పోదాం అన్నాను. "అక్కడేముంది?" అంది. మీ తాతయ్యకి బాకీ ఉన్నాను అని మాత్రం చెప్పాను.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాన్నకి కోళ్ల ఫారం ఉండేది. గుడ్ల ట్రేలు పేర్చుకునే గదిలో వెంకన్నబాబు పటం, దాని పక్కనే డాక్టర్ బి.వి.రావుగారి ఫొటో. 1971లో హైదరాబాద్‌లో వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టిన మనిషి ఆయన. గుడ్డు ధర మేత ఖర్చుకి కూడా రాని రోజుల్లో ఊరూరా తిరిగి రైతుల్ని కూడగట్టి, 1982లో 'నెక్' పెట్టించారు. అప్పట్నుంచి గుడ్డు రేటు చెప్పేది దళారి కాదు, రైతు. పొద్దున్నే పేపరు రాగానే నాన్న ముందు చూసేది నెక్ రేటే. చావు కబుర్లు, ఎలక్షన్లు ఆ తర్వాత.

2010 నవంబరులో ఆ పేపర్లోనే ఇంకో కబురు వచ్చింది. రావుగారి పిల్లలు, అంటే వెంకీస్ వాళ్లు, బ్లాక్‌బర్న్ రోవర్స్ అనే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బుని 2.3 కోట్ల పౌండ్లకి కొన్నారట. "మన కోళ్లోళ్లు దొరల టీముని కొన్నార్రా!" అని నాన్న వీధిలో అందరికీ చెప్పుకొచ్చాడు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియని మనిషి ఆ రోజు నుంచి ఆదివారం పొద్దున గుడ్డు రేటుతో పాటు రోవర్స్ స్కోరూ నన్నడిగేవాడు. ఓడారంటే "ఏడాదన్నాక రేటు పడుద్ది, లెగుద్ది" అనేవాడు. 2017లో రోవర్స్ మూడో అంచెకి పడిపోయారు. ఆ ఏడే నాన్న పోయాడు. మళ్లీ లేచారన్న కబురు మరుసటేడు వచ్చింది, వినడానికి ఆయన లేడు.

మాంచెస్టర్ విక్టోరియా నుంచి రైల్లో గంటలోపే. బోల్టన్ దాటాక పచ్చటి గుట్టలు, రాతి గోడలు, గొర్రెలు. బ్లాక్‌బర్న్‌కి ముందు డార్వెన్ వస్తుంది. మన విదేశీ వస్త్ర బహిష్కరణతో ఇక్కడి మిల్లు కార్మికులకి పనులు పోతే, 1931 సెప్టెంబరులో గాంధీగారు స్వయంగా ఈ ఊరికే వచ్చి వాళ్ల మధ్య నిలబడ్డారు. మిల్లు ఆడవాళ్లు ఆయన చుట్టూ చేరి కేరింతలు కొడుతున్న ఫొటో మీరూ చూసే ఉంటారు. తనవల్ల నష్టపోయిన వాళ్ల గడపలోకి వెళ్లి సంజాయిషీ చెప్పడం! కిటికీలోంచి చూస్తూ అనుకున్నాను. సాయంత్రానికి నా పనీ అదే అవుతుందని అప్పటికి తెలీదు.

స్టేషన్ నుంచి ఈవుడ్ పార్క్ రెండు మైళ్లు ఉంటుంది. ట్యాక్సీ అతని వాళ్లది గుజరాత్‌లో భరూచ్. వాళ్ల నాన్న మిల్లులో రాత్రి షిఫ్టుకని వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. మ్యాచ్‌లు చూస్తావా అంటే నవ్వాడు. "ఒక్కసారే లోపలికెళ్లాను, నమాజుకి." 2022లో ఈద్ ప్రార్థన ఆ మైదానంలోనే జరిగింది. ఇంగ్లండ్‌లో ఏ క్లబ్బూ అంతకుముందు అలా చెయ్యలేదు. "గడ్డి మెత్తగా ఉంది" అన్నాడు. ఊళ్లో మూడో వంతు పైగా ముస్లింలే, అయినా స్టేడియం దారి పట్టిన గుంపులో అలాంటి మొహాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. విదేశాల్లో అభిమానులు కావాలని క్లబ్బులన్నీ తెగ ఆరాటపడతాయిగానీ, రెండు వీధుల అవతలే ఇంత జనం ఉన్నారు.

ఎర్రిటుక ఇళ్ల వరసల మధ్య హఠాత్తుగా స్టేడియం లేస్తుంది. బయట జాక్ వాకర్ విగ్రహం. ఉక్కు వ్యాపారంలో గడించి, సొంతూరి క్లబ్బు మీద గుమ్మరించిన మనిషి. కెన్నీ డాల్గ్లిష్‌ని మేనేజరుగా తెచ్చాడు, అలన్ షియరర్‌ని కొన్నాడు, 1995లో ప్రీమియర్ లీగ్ గెలిపించాడు. లక్ష పైచిలుకు జనాభా ఉన్న ఊరు మాంచెస్టర్ యునైటెడ్‌ని ఒక్క పాయింటుతో వెనక్కి నెట్టింది! 2000లో ఆయన పోయాడు. విగ్రహం కింద ఎవరో తాజా పూలు పెట్టి ఉన్నారు.

పక్కనే ఉన్న పబ్బులో మా అమ్మాయి చోటు సంపాదించింది. బల్లకి అవతల డెబ్బై దాటిన పెద్దాయన, ఆయన మనవరాలు, ఇద్దరు నార్వే వాళ్లు. నార్వేలో 1969 నుంచి శనివారం పూట టీవీలో ఇంగ్లండ్ మ్యాచ్‌లు వేసేవారట. అలా తండ్రుల నుంచి అబ్బిన పిచ్చి వీళ్లది. ఇంకా తమాషా ఏమిటంటే, శనివారం మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్‌ని ఇంగ్లండ్‌లో లైవ్ చూపించరు. స్టేడియాలు ఖాళీ అవుతాయని 1960ల నుంచి ఉన్న నియమం. ఓస్లోలో కూర్చుని చూడొచ్చు, తణుకులో కూర్చుని చూడొచ్చు, మోకాళ్ల నొప్పితో ఇల్లు కదలలేని బ్లాక్‌బర్న్ ముసలాయన మాత్రం రేడియో పెట్టుకోవాల్సిందే.

మాటలు ఆ ఏడాది అవకాశాల మీదికి మళ్లాయి. రెండో అంచెలో 24 జట్లు, మొదటి ఆరులో ఉంటే ప్రీమియర్ లీగ్ ఆశ. పెద్దాయనకి నమ్మకం లేదు. "మావాడు ఆడమ్ వార్టన్, ఈ ఊళ్లోనే పుట్టాడు. ఫిబ్రవరిలో క్రిస్టల్ ప్యాలెస్‌కి అమ్మేశారు. జూన్‌కల్లా ఇంగ్లండ్ జట్టులో ఉన్నాడు. గోల్స్‌లో లీగ్ మొత్తానికీ మొనగాడు స్మోడిక్స్. ఆగస్టులో అతన్నీ అమ్మేశారు. విత్తనాలు అమ్ముకుంటూ పంట ఎప్పుడొస్తుందంటే ఏం చెప్తాం?"

మనవరాలు ఒప్పుకోలేదు. "తాతా, ఏటా నష్టం పూడుస్తున్నది ఎవరు? బరీ సంగతి మర్చిపోయావా?" బరీ అక్కడికి దగ్గరే. వాళ్ల క్లబ్బుకి డబ్బు చూపించే నాథుడు లేక 2019 ఆగస్టులో లీగ్‌లోంచి గెంటేశారు. "వీళ్లు వెళ్లిపోతే వచ్చేవాడు ఎలాంటివాడో?" అంది. ఆ డబ్బు పంపడం కూడా సాఫీగా లేదు. విదేశీ మారకం మీద విచారణ నడుస్తుండటంతో అప్పట్లో ఢిల్లీ హైకోర్టు గుమ్మం ఎక్కాల్సి వచ్చేది. లాంకషైర్‌లో పబ్బు బల్ల దగ్గర 'ఢిల్లీ హైకోర్టు' అన్న మాట వినపడితే నాకు భలే చిత్రంగా ఉంది.

అప్పుడు పెద్దాయన నావైపు తిరిగి మీదే ఊరు అన్నాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనిపించిన మాట నిజం. ఈ క్లబ్బు చరిత్రలో చాలా చేదు రోజు 2012 మే 7. విగాన్ చేతిలో ఓడి ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయిన ఆ రాత్రి, వెంకీస్ మీద కోపంతో ఎవరో రోవర్స్ జెండా చుట్టిన కోడిని మైదానంలోకి వదిలారు. అలాంటి చోట కోళ్ల రైతు కొడుకునని ఎలా చెప్పను? కానీ మా అమ్మాయి మొత్తం చెప్పేసింది. తాత, ఫారం, ఫొటో, ఆదివారం స్కోరు, అన్నీ.

బల్ల దగ్గర కాసేపు చప్పుడు లేదు. నార్వే అతను గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"మీ నాన్న రోజుకెన్నిసార్లు షెడ్డులోకి వెళ్లేవాడు?" అని అడిగాడు పెద్దాయన.

"పొద్దున, సాయంత్రం. ఎండాకాలం కరెంటు పోతే అర్ధరాత్రి కూడా."

"కోళ్లు చెప్పేవా, రమ్మని?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "నాకు కప్పు అక్కర్లేదు అబ్బాయ్. 1995లో ఆన్‌ఫీల్డ్‌లో నిలబడి చూశాను, చాలు. వాళ్లు వచ్చి ఇక్కడ కూర్చుని ఎన్నేళ్లయిందో తెలుసా? వర్షంలో నా పక్కన కూర్చుని ఒక్క డ్రా చూడమను. తర్వాత వార్టన్‌ని అమ్ముకోనీ, నేనేమీ అనను."

ఏం జవాబు చెప్పాలో తోచలేదు. ఆ మొదటి తరం మనిషి ఊళ్లు తిరిగి రైతుల అరుగుల మీద కూర్చున్నవాడని మాత్రం చెప్పాను. "అయితే ఆయన్ని పంపించాల్సింది" అన్నాడు. రావుగారు 1996లోనే పోయారన్నాను. రోవర్స్ కప్పు గెలిచిన మరుసటేడు. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

లోపల 31 వేల మంది పట్టే స్టేడియంలో సగం కుర్చీలు ఖాళీ. మ్యాచ్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. నాకు నచ్చింది జనం తిట్లు. సొంత ఆటగాడు బంతి పోగొట్టుకుంటే మా ఊళ్లో కొడుకుని తిట్టినట్టే తిడుతున్నారు, పక్క ఊరివాడు నోరెత్తితే మాత్రం ఊరుకోరు. వేడి మాంసం పై తిని నాలిక కాల్చుకున్నాను.

బయటికొస్తుంటే పెద్దాయన గేటు దగ్గర ఆగి, తన సీటు నంబరు నా టికెట్ వెనక రాసిచ్చాడు. "పక్క సీటు నా భార్యది. ఇప్పుడు ఖాళీ. మీవైపు వాళ్లెవరైనా వస్తానంటే ఇది ఇవ్వు."

ఆ సీజన్లో రోవర్స్ ఏడో స్థానంలో ఆగిపోయారు. ఆరో జట్టుకి రెండు పాయింట్లు తక్కువ. ఆ ఆదివారం పొద్దున పేపర్లో నెక్ రేటు చూసి, ఆ వార్త ఎక్కడైనా వేశారేమోనని ఆటల పేజీ రెండుసార్లు తిరగేశాను. వెయ్యలేదు. టికెట్ ముక్క మాత్రం నాన్న ఫారం గదిలో, ఆ ఫొటో చట్రం సందులో పెట్టి ఉంచాను.