ఖరిదాలో కమిషనర్ ఎవరు?
ఖరగ్‌పూర్‌లోని ఖరిదాలో ఒక తెలుగు పెద్దాయన తమ వార్డు సభ్యుణ్ణి ‘కమిషనర్‌ గారు’ అన్నప్పుడు నేను పొరబడ్డాను. ఆంధ్ర పట్టణాల్లో కమిషనర్ అంటే ప్రభుత్వం నియమించిన అధికారి. 1932 నాటి బెంగాల్ పురపాలక చట్టంలో మాత్రం ప్రజలు ఎన్నుకున్న సభ్యుడే కమిషనర్. 1993 చట్టం ఆయన్ని కౌన్సిలర్‌ను చేసింది. జనం నోట పాత పేరే మిగిలింది.

పేరు మాట అటుంచి, పట్టణ ప్రణాళిక ఎవరి చేతిలో ఉంది? 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో మొదటి అంశం అదే. అయితే 1954లో ఏర్పడిన ఖరగ్‌పూర్ పురపాలక సంఘానికి ఆ అధికారం పూర్తిగా దక్కలేదు. పైన మేదినీపూర్-ఖరగ్‌పూర్ అభివృద్ధి సంస్థ ఉంది. రైల్వే కాలనీల భూమి ఆగ్నేయ రైల్వేది. బెంగాల్ నాగపూర్ రైల్వే నాడు పనికోసం వచ్చిన తెలుగువారి వారసులు ఎందరో ఆ కాలనీల్లో ఉన్నారు. వారూ పురపాలక ఎన్నికల్లో ఓటు వేస్తారు. కానీ తాము ఎన్నుకున్న సభ్యుడు అక్కడ కాలువ తవ్వించాలన్నా రైల్వే అనుమతి కావాలి.

‘‘మా అబ్బాయి ఉండేది రైల్వే క్వార్టర్‌లో. వాడు ఎవరిని అడగాలి బాబూ?’’ అన్నాడాయన. ప్రణాళిక వేసేవారు ఓటరు ముందుకు వచ్చి జవాబు చెప్పనంత కాలం ఆ ప్రశ్న తీరదు. ఏడాదికొకసారైనా ముగ్గురూ ఒకే బల్ల దగ్గర, వార్డు ప్రజల ఎదుట కూర్చోవాలి.