గీత ఎక్కడ గీశారు?

ఒకే కారు, ఒకే డ్రైవరు, ఒకే రౌండు. టైములు మాత్రం రెండు! 2020 నవంబరులో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ మీద మెర్సిడెస్ వాళ్ల ఏఎంజీ జీటీ బ్లాక్ సిరీస్ కారుని మారో ఎంగెల్ అనే డ్రైవరు ఒక చుట్టు తిప్పాడు. 6 నిమిషాల 43.616 సెకన్లని ఒక లెక్క, 6 నిమిషాల 48.047 సెకన్లని ఇంకో లెక్క. రెండూ నిజమే.

మావాడు ఆఖెన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. ట్రాక్ అక్కడికి గంటన్నర దూరమట. ఈ సంగతి ఫోన్లో చెప్పి, "ఏది కరెక్టో చెప్పు నాన్నా" అన్నాడు. నాకు కారు నడపడం రాదు. కానీ ముప్పై ఏళ్లు హైస్కూల్లో పీఈటీగా చేసినవాణ్ణి, స్టాప్‌వాచీ పట్టడం వచ్చు. అందుకే అడిగాడు. నేనూ ఒకటే అడిగాను: గీత ఎక్కడ గీశార్రా?

కిటుకంతా అక్కడే ఉందట. కొండలూ అడవీ మధ్య 1927 నుంచి ఉన్న ఆ ట్రాక్ పూర్తి పొడవు 20.832 కిలోమీటర్లు. కానీ ఏళ్ల తరబడి కంపెనీలు 20.6 కిలోమీటర్లకే వాచీ ఆపేసేవి. టీ13 అనే గ్రాండ్‌స్టాండ్ దగ్గర గీత దాటి మొదలుపెట్టి, చుట్టు తిరిగి వచ్చి ఆ గీతకి ఇంకా 232 మీటర్లుండగానే అయిపోయిందనేవారు. బ్లాక్ సిరీస్ రెండు టైముల మధ్య ఆ నాలుగున్నర సెకన్లు ఈ 232 మీటర్లవే. 2019 నుంచి ట్రాక్ యాజమాన్యం, ఎక్కడ మొదలుపెడితే అక్కడే పూర్తిచేయాలని పట్టుబట్టింది. పాత రికార్డులతో పోల్చుకోవాలని కొందరు రెండు టైములూ చెబుతారు. ఒకటే చెప్పి ఊరుకునేవాళ్లతోనే తంటా.

మా రోజుల్లో వంద మీటర్ల పరుగుకి ముగ్గురం వాచీలు పట్టుకుని ఫినిష్ దగ్గర కూచునేవాళ్లం. పిస్టల్ చప్పుడు వినగానే నొక్కితే తప్పు. చప్పుడు మనదాకా వచ్చేసరికి సెకనులో దాదాపు మూడు పదోవంతులు పోతాయి. అందుకని పొగ చూసి నొక్కాలి. మూడు వాచీల్లో మూడు టైములొస్తే మధ్యది తీసుకోవాలి. ఒక జిల్లా మీట్‌లో ఒక పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని, "ఒక్క పాయింటు తగ్గించి రాయండి మాస్టారూ, పిల్లాడు స్టేట్‌కి వెళ్తాడు" అని బతిమాలాడు. వీడు వెళ్తే ఆగిపోయేది ఇంకొకరి బిడ్డే కదా. రాయలేదు. ఆయన ఆ తర్వాత నాతో మాట్లాడలేదు లెండి.

కార్ల విషయంలో చాలాకాలం ఆ బతిమాలుకునే పని కూడా లేదు. కారు వాళ్లదే, డ్రైవరు వాళ్లవాడే, వాచీ వాళ్లదే! 2008లో నిస్సాన్ తన జీటీ-ఆర్ 7 నిమిషాల 29 సెకన్లలో చుట్టు పూర్తిచేసిందని ప్రకటించింది. పోర్షే వాళ్లకి నమ్మకం కలగలేదు. ఒక జీటీ-ఆర్ కొని తమ డ్రైవరుతో అదే ట్రాక్ మీద తిప్పించారు. 7 నిమిషాల 54 సెకన్లొచ్చింది. పాతిక సెకన్ల తేడా! టైర్లు అసలైనవి కావేమోనని వీళ్లు, మాది షోరూములో అమ్మే కారేనని వాళ్లు. తగువు తీర్చడానికి మధ్యవర్తి లేడు. 2017లో లంబోర్గిని హురకాన్ పెర్ఫార్మాంటే 6 నిమిషాల 52.01 సెకన్లన్నప్పుడూ అంతే. వీడియో చూసినవాళ్లు నిలదీస్తే కంపెనీ కారు డేటా బయటపెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు అధికారిక రికార్డు కావాలంటే ట్రాక్ వాళ్ల పద్ధతిలో కొలవాలి, పక్కన నోటరీ ఉండాలి. మన దగ్గర స్థలాల కాగితాల మీద స్టాంపు వేసే నోటరీ లాంటివాడే, కాకపోతే అక్కడ పెద్ద న్యాయ హోదా. కారు మామూలుగా అమ్మేదేనా, టైర్లు ఏవి అన్నది కూడా చూస్తారు. టైరు సంగతి తక్కువది కాదు. కాన్వాస్ బూట్లతో పరుగెత్తిన పిల్లాణ్ణీ స్పైక్స్ వేసుకున్నవాణ్ణీ ఒకే పట్టికలో రాస్తే ఎలా? రోడ్డు మీద తిరగడానికి అనుమతి ఉన్నవే అయినా, రబ్బరు మెత్తగా ఉండి వానలో జారిపోయే టైర్లున్నాయి. టైములో వాటి వాటా ఎంతో, ఇంజనుది ఎంతో విడదీయడం కష్టం.

ఇక వాతావరణం. పరుగులో వెనకగాలి సెకనుకి 2 మీటర్లు దాటితే రికార్డు ఒప్పుకోరు. కారుకి అలాంటి గీత లేదు. 2022 అక్టోబరు 28న ఏఎంజీ వన్ కారుని తిప్పినప్పుడు ట్రాక్ అక్కడక్కడా తడిగా ఉంది. 6 నిమిషాల 35.183 సెకన్లు. రెండేళ్లు ఆగి అదే ఎంగెల్ మళ్లీ తిప్పితే 6 నిమిషాల 29.090. ఆ ఆరు సెకన్లలో ఎండ ఎంత, డ్రైవరు చెయ్యి ఎంత? నోటరీకీ తెలీదు. పది, ఇరవై సెకన్ల తేడా అయితే ఆలోచించొచ్చు. అర సెకను తేడాకి ఈ కారు గొప్ప, ఆ కారు తక్కువ అని కొట్టుకోవడం నాకు వేళాకోళంగా కనిపిస్తుంది.

నాకు అసలు దిగులు పుట్టింది వేరే చోట. కొన్ని రోజుల్లో ఆ ట్రాక్ టికెట్ కొన్న ఎవరికైనా తెరుస్తారు. అప్పుడది టోల్ కట్టే మామూలు రోడ్డు కింద లెక్క, ట్రాఫిక్ రూల్స్ వర్తిస్తాయి. ఎడమపక్క నుంచే ఓవర్‌టేక్ చేయాలి. టైము కొలవడం నిషేధం. రెయిలింగుకి గుద్దితే ఆ ఖర్చూ మనదే. అయినా కుర్రాళ్లు ఒక వంతెన నుంచి ఇంకో గేటు దాకా 19 కిలోమీటర్లు ఫోన్లో కొలుచుకుని గొప్పలు చెప్పుకుంటారట. తొంభై మీటర్లు పరుగెత్తి వంద మీటర్ల రికార్డుతో పోల్చుకోవడం ఇది. పైగా 1976లో నికీ లౌడా మంటల్లో చిక్కుకున్నది ఆ ట్రాక్ మీదే.

మావాడు స్నేహితులతో వెళ్తానన్నాడు. "వెళ్లు, కానీ నోటరీ పక్కనుంటేనే వాచీ నొక్కు" అన్నాను. నవ్వాడు. వెళ్లొచ్చి ఫోన్ చేశాడు. ఎంతసేపు పట్టిందిరా అని నేనే అడిగేశాను, పాత అలవాటు.

"వెనకనుంచి కార్లొస్తుంటే కుడిపక్కకి జరగడంతోనే సరిపోయింది నాన్నా. వాచీ ఎవరు చూశారు?"