స్టేషన్లో పాత కాటా

నూజివీడు రసాల బుట్ట పట్టుకుని నిన్న రైలెక్కబోతూ చూశాను. మా వైపే ఓ స్టేషన్లో, గోడవారగా పాత ఇనప కాటా. పళ్లెం నిండా తుప్పు, కింద చీమల బారు. ఎన్ని మామిడి బుట్టలు తూచిందో పాపం!

పటియాలా మోనోరైలూ ఒకప్పుడు ఇలాగే మూలన పడుండేది. ఒకే పట్టా, ఒరిగిపోకుండా పక్కన రోడ్డు మీద ఓ పెద్ద చక్రం. 1907లో మొదలై 1927లో ఆగింది. 1962లో మైక్ సాటో అనే ఇంగ్లండు రైళ్ల పిచ్చాయన షెడ్డులో దాని ఇంజన్లు చూడకపోతే అదీ తూకానికే పోయేదేమో. అమృత్‌సర్ వర్క్‌షాపులో ఓ ఇంజన్ని బాగుచేశారు, ఇప్పుడది ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉంది. ఇంగ్లండాయనకి పట్టింది, మనకి పట్టదేం?

మీ స్టేషన్లో ఇలాంటిది కనిపిస్తే, పాతినప సామాన్లవాడి కంటే ముందు మీరే ఫొటో తీసి డీఆర్ఎం (డివిజనల్ రైల్వే మేనేజర్) ఆఫీసుకి పంపండి.