రెండో కళ్లజోడు ఉందా ఇంట్లో?

ఒక మాట అడుగుతాను. మీ కళ్లజోడు ఇప్పుడు చేయి జారి గచ్చు మీద పడి పగిలిందనుకోండి, రేపు పొద్దున పేపరు ఎలా చదువుతారు? మందు సీసా మీది అక్షరాలు ఎవరు చదివిపెడతారు? అందుకే ప్రతి ఇంట్లో రెండో జత ఉండి తీరాలంటాను. అందులో సగం పని మన చేతుల్లోనే ఉంది.

ముందుగా, ఏమీ లేనప్పటి ఉపాయం. నల్లటి అట్టముక్కకు సూదితో మిల్లీమీటరు వెడల్పున చిల్లు పొడవండి. అంచున పీచు మిగలనివ్వద్దు. కంటికి ఆనించినట్టుగా పెట్టుకుని, మంచి వెలుతురులో చదివి చూడండి. అలుక్కుపోయిన అక్షరం తేటపడుతుంది. కంట్లోకి వచ్చిన కిరణాలు సరైన చోట కలవకపోతేనే కదా మసక! చిల్లు వాటిలో సన్నటి పాయనే లోపలికి రానిస్తుంది, మసక తగ్గుతుంది. కంటి డాక్టర్లూ ఇలాంటి చిల్లుతోనే పరీక్ష చేస్తారు. దానిలోంచి కూడా చూపు తేటపడకపోతే, లోపం ఒక్క పవర్‌దే కాకపోవచ్చని అనుమానిస్తారు. ఇది చదవడానికే సుమా! పక్కలు కనపడవు కాబట్టి దీంతో నడవద్దు, బండి తోలద్దు, సూర్యుణ్ణి అసలే చూడద్దు.

ఇక ఫ్రేమ్. అది ఫ్యాక్టరీలోనే పుట్టాలని ఏమీ లేదు. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో మార్టిన్ ఆఫ్‌ముత్ అనే బడి పంతులు, ఇంట్లో బట్టలుతికే గదిలో కూర్చుని స్ప్రింగ్ స్టీలు తీగతో ఫ్రేమ్ చేసే పద్ధతి కనిపెట్టారు. తీగను వంచడానికి చేత్తో తిప్పే చిన్న పరికరం ఉంటుంది, దానికి కరెంటు అక్కర్లేదు. ముందే తయారైన పాలికార్బొనేట్ అద్దాలను అందులో బిగిస్తే చాలు. ముడిసరుకు ఖర్చు సుమారు ఒక డాలరు. 2012లో సంస్థ పెట్టి, పేద దేశాల్లో కళ్లజోళ్లు అందిస్తున్నారు. నాకు ఆ పంతులుగారంటే ఎంతో గౌరవం.

మనకు తీగ వంచే పని కూడా లేదు. సొరుగులో పాత ఫ్రేమ్ ఉండే ఉంటుంది. కాడలు వంకరపోలేదు కదా చూడండి. వదులైన మరను బిగించి, దాని మీద రంగులేని గోళ్ల రంగు ఒక్క చుక్క వేస్తే మళ్లీ ఊడదు. ఆ ఫ్రేమ్‌కే కొత్త అద్దాలు వేయించుకోండి.

పవర్ మాత్రం మనం ఊహించేది కాదు. పరీక్ష చేయించి చీటీ తీసుకోవాలి. కనుపాపల మధ్య దూరం కూడా అందులో రాయించండి. పెద్దవాళ్లలో అది ఎక్కువమందికి 54 నుంచి 74 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అద్దం కేంద్రం కనుపాపకు ఎదురుగా లేకపోతే కళ్లు లాగుతాయి, తలనొప్పి వస్తుంది. ఆ చీటీకి ఫోటో తీసి ఫోనులో ఉంచుకోండి. ఈ ఆదివారమే సొరుగు వెతకండి, మీ అమ్మానాన్నల సొరుగు కూడా.