కొన్న ఫోను మనదే, అమ్ముకునే హక్కూ మనదే

ఈరోజు పంట గురించి కాదు, ఫోను గురించి రాస్తున్నా. చివరిదాకా చదవండి, మీకూ పనికొస్తుంది.

మావాడు హైదరాబాదులో ఉద్యోగం చేసేటప్పుడు 70 వేలు పెట్టి ఐఫోన్ కొన్నాడు. మొన్న సరిగ్గా నాట్ల టైంలో మా బోరు మోటారు కాలిపోయింది. కొత్తది కొనాల్సిందే అన్నాడు మెకానిక్. "నా ఫోను అమ్మేద్దాం నాన్నా" అన్నాడు మావాడు.

షాపుకి తీసుకెళ్తే ఆయన, "ఇలాంటి ఫోన్లు బయట అమ్మకూడదు పెద్దాయనా, కంపెనీవాళ్లు కేసు పెడతారు. రిస్కు నేను తీసుకుని 12 వేలిస్తా" అన్నాడు. కేసు అన్న మాట వినగానే భయమేసింది. ఇచ్చేసేవాణ్ణే, మావాడు చెయ్యి పట్టి ఆపాడు.

తెలిసిన లాయరు గారిని అడిగితే నవ్వారు. "సంతలో ఎద్దును కొన్నాక, మళ్లీ అమ్మడానికి పాత యజమానిని అడుగుతారా?" అన్నారు. డబ్బు కట్టి కొన్న వస్తువు మనదే అవుతుందట. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం, న్యాయంగా కొన్న అసలు సరుకును తిరిగి అమ్మితే, దానిమీద కంపెనీ పేరు ఉన్నంత మాత్రాన తప్పు కాదట. 2012లో శాంసంగ్ ప్రింటర్ల కేసులో ఢిల్లీ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. విదేశంలో న్యాయంగా కొన్న అసలు సరుకును కూడా ఇక్కడికి తెచ్చి అమ్మొచ్చంది. కాకపోతే కంపెనీ వారంటీ లేదని కొనేవాళ్లకు తెలిసేలా చెప్పమంది.

అసలు కిటుకు అక్కడే ఉంది. వస్తువులో మార్పు జరిగినా, పాడైనా కంపెనీ అభ్యంతరం పెట్టడానికి అదే సెక్షన్ దారి ఇచ్చింది. కుంటి ఎద్దుని మంచి ఎద్దని అమ్మితే ఊరు ఊరుకోదు కదా! బ్యాటరీ మార్చారా, డిస్‌ప్లే మార్చారా, ఉన్నదున్నట్టు చెప్పండి. కిస్తీలు బాకీ ఉంటే తీర్చాకే అమ్మండి. ఫోనులో మన అకౌంటు, బ్యాంకు వివరాలు తీసేసి, బిల్లుతో సహా ఇవ్వండి.

కొనేటప్పుడూ జాగ్రత్త. దొంగ సొత్తు కొంటే హక్కు రాదు. కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, కాస్త ఖాళీ వదిలి, ఫోను 15 అంకెల ఐఎంఈఐ నంబరు కలిపి 14422కి మెసేజ్ పెడితే ఆ ఫోను సంగతి తెలుస్తుంది.

చివరికి బ్యాటరీ మార్చిన సంగతి చెప్పి మరీ, పక్కూరి మాస్టారికి 31 వేలకి అమ్మాం. మోటారు వచ్చింది, నాట్లు పడ్డాయి.

చట్టం తెలియకపోతే మన భయమే ఎదుటివాడికి లాభం. ఇంకెవరూ 12 వేలకి ఇచ్చేయకుండా నలుగురికీ చెప్పండి.