పిల్లికి చెలగాటం

తెల్లవారుజామున నాలుగున్నరకి ఎవరో నా కాలి బొటనవేలు కసుక్కున కొరికితే కెవ్వున లేచి కూర్చున్నాను. ఎవరో ఏమిటి లెండి, మా బుజ్జే!

"ఈ ఆదివారం దీన్ని మా అన్నయ్య వాళ్ళూళ్ళో వదిలేసొస్తాను. అక్కడ కావలసినన్ని ఎలుకలు" అని మావారు దుప్పటి ముసుగులోంచే తీర్పు చెప్పేశారు. బతిమాలి నెల్లాళ్ళు గడువు తీసుకున్నాను.

ఇది మా అమ్మాయి తెచ్చుకున్న పిల్లి. ఉద్యోగానికి బెంగుళూరు వెళ్తూ నాకు అంటగట్టింది. మూడో అంతస్తులో ఫ్లాటు. గుమ్మం దాటితే లిఫ్టు, బాల్కనీకి వల. వేళకింత తిండి, పడుకోడానికి సోఫా, ఇంకేం కావాలి దీనికి అనుకున్నాను. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు నా గురించి ఇదే మాట అంటే నాకెంత ఒళ్ళు మండిందో అప్పుడు గుర్తు రాలేదు సుమండీ!

పొట్టమీద బొచ్చంతా నాకి నాకి ఊడగొట్టుకుంటూంటే గజ్జేమోనని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ అన్నీ పరీక్ష చేసి, "జబ్బేం లేదండీ, తోచక. వేటాడే జంతువు కదా! పొద్దు పొడిచే వేళా, పొద్దు గుంకే వేళా దాని ఒళ్ళు ఊరుకోదు. ఎలుకలు లేకపోతే మీ కాలివేళ్ళే దానికి ఎలుకలు. రోజూ రెండు పూటలా ఓ పదిహేను నిమిషాలు ఆడించండి" అంది.

ఆడించడం ఎంతసేపని, పాత జాకెట్టు గుడ్డ పీలికొకటి కర్రకి కట్టి దాని మొహం ముందు ఊపాను. మొహం తిప్పేసుకుంది. ఏ ఎలకన్నా పిల్లి మొహం మీదికి తనంతట తాను వస్తుందా? ఇంత చిన్న విషయం తట్టడానికి, నవలలు రాసే నాకు, మూడు రోజులు పట్టింది. నాలుగోనాడు పీలికని దానికి దూరంగా లాగి, సోఫా కోడు చాటుకి పోనిచ్చి, కదలకుండా ఆపాను. బుజ్జి కళ్ళు నల్లగా, గుండ్రంగా అయిపోయాయి. నేలకి అతుక్కుపోయి, నడుం అటూ ఇటూ ఆడించి, ఒక్క దూకు!

ఇంకోటి. చివరికి దాన్ని గెలవనివ్వాలి. దొరక్కుండానే ఆట ఆపేస్తే ఇల్లంతా అరుస్తూ తిరుగుతుంది. పట్టుకోగానే గిన్నెలో తిండి పెట్టామా, తిని, ఒళ్ళు నాక్కుని, హాయిగా పడుకుంటుంది. పీలిక మాత్రం బీరువాలో పెట్టి తాళం వెయ్యాల్సిందే. దారాలు మింగితే పేగులకి చుట్టుకుని ప్రాణం మీదికొస్తుందిట.

పొద్దున్న ఆరింటికి డికాషన్ దిగేలోపు ఒక ఆట, రాత్రి పడుకోబోయే ముందు ఒకటి. ప్రాణసంకటం ఎలక్కి కాదు, నడుంనొప్పి ఉన్న నాకు! రాత్రి ఆట మావారికి అప్పగించాను. సణుక్కుంటూనే ఒప్పుకున్నారు.

నాలుగున్నర లేపుళ్ళు తగ్గాయి. పొట్టమీద నూగులాంటి బొచ్చు మొదలైంది. నిన్నటితో గడువైపోయింది. రాత్రి హాల్లోకెళ్ళి, "రేపు ఊరికి బుట్ట సర్దమంటారా?" అన్నాను.

భోజనాలబల్ల కింద నాలుగు కాళ్ళమీదున్న మావారు కర్ర ఎత్తి, "ష్! ఉండవోయ్, ఇంకా పట్టుకోలేదు" అన్నారు.